ఉచిత వృత్తి శిక్షణలో కంప్యూటర్ నేర్పడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో మండల కేంద్రాల్లోనూ చిన్న ఊళ్లలోనూ ఉచిత వృత్తి శిక్షణ ఇచ్చే సెంటర్ల నుంచి మాకు పదేపదే వచ్చే ప్రశ్నలివి. కొన్ని ఇన్‌స్ట్రక్టర్లు అడిగినవి, కొన్ని కొత్తగా సెంటర్ పెట్టాలనుకునేవాళ్లు అడిగినవి, కొన్ని తల్లిదండ్రులు అడిగినవి. ఈ సెంటర్లకి వచ్చే పిల్లలకు తెలివి తక్కువేమీ కాదు. సిస్టమ్ ముందు సొంతంగా కూర్చునే సమయమే వాళ్లకు ఇప్పటిదాకా దొరకలేదు. కింది జవాబులన్నీ ఆ సమయాన్ని ఎలా పెంచాలన్న ఆలోచనతోనే రాశాం.

మా బ్యాచ్‌లో అందరూ పేదపిల్లలే. అందరికీ ఒకే రకంగా చెప్తే సరిపోదా?

సరిపోదు. పేదరికం అందరిదీ ఒకటే అయినా ఇబ్బంది ఒకటి కాదు. పది ఫెయిలై రెండేళ్లు సెంట్రింగ్ పనికి వెళ్లొచ్చిన అబ్బాయికి చదవడమంటే భయం. పెళ్లయి పదేళ్ల తర్వాత వచ్చిన అక్కకి పక్కన కూర్చున్న పద్దెనిమిదేళ్ల పిల్లలు నవ్వుతారేమోనన్న టెన్షన్. ఉట్నూరు వైపు నుంచి వచ్చేవాళ్లలో కొందరి ఇంటి భాష గోండి, కొలామి. సీతంపేట వైపు సవర. వాళ్లకు తెలుగే రెండో భాష, కంప్యూటర్‌లోని ఇంగ్లిష్ మూడోది. చెవులు వినపడనివాళ్లు, చూపు లేనివాళ్లు కూడా అదే బ్యాచ్‌లో ఉండొచ్చు.

2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడామని చెప్పిన మహిళలు ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 21 శాతం, తెలంగాణలో 26 శాతం. రెండు రాష్ట్రాల్లోనూ మగవాళ్ల శాతం దానికి రెట్టింపు పైనే. ఆ తర్వాత ఫోన్లు పెరిగాయి, నిజమే. కానీ ఇంట్లో ఫోన్ ఎవరి చేతిలో ఉంటోందన్నది అంత తొందరగా మారలేదు. మొదటి రోజు ఒక్కొక్కరితో ఐదు నిమిషాలు కూర్చుని, ఇంట్లో ఫోన్ ఎవరిదో, ఎంతవరకు చదివారో, రావడానికి ఎంతసేపు పడుతుందో అడిగి రాసుకోండి. ఆ కాగితం ఏ సిలబస్ కన్నా ఎక్కువ పనికొస్తుంది.

పది పాస్ కానివాళ్లకి కంప్యూటర్ వస్తుందా?

వస్తుంది. చదవడం, రాయడం వస్తే చాలు. రోజంతా కొట్టులో నిలబడి నోటిలెక్కలు వేసే అబ్బాయికి, గడుల్లో లెక్కలు చేసే ఎక్సెల్ ఎందుకో వివరించాల్సిన పనే ఉండదు.

మొదటి వారం ఏం చెప్పాలి?

చాలా పుస్తకాల్లో మొదటి పాఠం కంప్యూటర్ చరిత్ర. చార్లెస్ బాబేజ్, తరాలు, ఇన్‌పుట్, అవుట్‌పుట్ బొమ్మ. దాన్ని చివరికి నెట్టేయండి. మొదటి రోజే ప్రతి ఒక్కరూ మౌస్ పట్టుకోవాలి, తన పేరు టైప్ చేసుకోవాలి, దాన్ని ప్రింట్ తీసి ఇంటికి తీసుకెళ్లాలి. ఒక్క కాగితం ఖర్చే, కానీ రెండో రోజు అటెండెన్స్‌లో తేడా కనిపిస్తుంది.

మౌస్‌తో లాగి వదలడం కొత్తవాళ్లకి నిజంగా కష్టం. దానికి పేకముక్కల ఆట సాలిటైర్ మంచి సాధన. 1990లో విండోస్ 3.0తో పాటు ఆ ఆట వచ్చింది. మౌస్ అలవాటు లేనివాళ్లందరికీ లాగడం నేర్పింది అదే. కాబట్టి ఎవరైనా ఆడుతుంటే తిట్టకండి, మొదటి మూడు రోజులు ఆడనివ్వండి.

కీబోర్డ్ మీద ఎఫ్, జె అక్షరాల మీద చిన్న గీత తగులుతుంది. కళ్లు మూసుకుని చూపుడువేళ్లతో ఆ రెండు గీతలనీ వెతికించండి. టైపింగ్ అక్కడి నుంచే మొదలు.

ఇన్‌స్ట్రక్టర్లకి ఒక గట్టి మాట. వాళ్ల మౌస్ మీద మీ చెయ్యి వేయకండి. పిల్ల తడబడుతుంటే "ఇలా ఇవ్వమ్మా" అని మౌస్ లాక్కుని రెండు క్లిక్కుల్లో పని చేసేయడం మీకు సాయంలా అనిపిస్తుంది. కానీ ఆ రెండు క్లిక్కులూ ఆమె చేయాల్సినవి. వెనక నిలబడి నోటితో చెప్పండి. ఎంతసేపైనా పట్టనివ్వండి.

ఫోన్ బాగానే వాడతారు కదా, కంప్యూటర్ ఇంకా సులువు కావాలి కదా?

కొంతవరకు సులువే. స్క్రీన్ అంటే భయం ఉండదు. కానీ ఫోన్ నేర్పని ముఖ్యమైన సంగతి ఒకటుంది: ఫైల్ ఎక్కడుంది అన్నది. ఫోన్‌లో ఫొటో గ్యాలరీలో ఉంటుంది, మెసేజ్ వాట్సాప్‌లో ఉంటుంది. ఎవరూ దేన్నీ ఎక్కడా పెట్టక్కర్లేదు. కంప్యూటర్‌లో మనం పెట్టిన చోటే ఉంటుంది. "నిన్న చేసింది పోయింది సార్" అన్న మాట ప్రతి బ్యాచ్‌లో వినపడుతుంది. పది సార్లలో తొమ్మిది సార్లు ఫైల్ ఎక్కడికీ పోదు, డౌన్‌లోడ్స్‌లోనో డాక్యుమెంట్స్‌లోనో వేరే పేరుతో కూర్చుని ఉంటుంది.

అందుకే ఫోల్డర్ల మీద కనీసం రెండు రోజులు కూర్చోవాలి. ఇంట్లో బీరువా, బీరువాలో అర, అరలో ఆధార్, రేషన్ కార్డు పెట్టిన కవరు అని చెప్తే వెంటనే అర్థమవుతుంది. ప్రతి ఒక్కరి చేతా సొంత పేరుతో ఫోల్డర్ చేయించండి. లోపల "లెటర్లు", "లెక్కలు", "ఫొటోలు" పెట్టించండి. తర్వాత ఒకరు దాచిన ఫైల్‌ని ఇంకొకరు వెతికే పోటీ పెట్టండి. సేవ్‌కీ సేవ్ యాజ్‌కీ తేడా కూడా ఇక్కడే చెప్పాలి. పాత అర్జీ తెరిచి, పేరు మార్చి, సేవ్ కొట్టి పాతదాన్ని పోగొట్టుకోవడం ఆఫీసుల్లో కూడా రోజూ జరిగేదే.

ఇంగ్లిష్ రాదు. మెనూలు ఎలా చదువుతారు?

పూర్తి ఇంగ్లిష్ అక్కర్లేదు. మెనూల్లో తిరిగి తిరిగి వచ్చే మాటలు కొన్ని పదులే. ఓపెన్, సేవ్, ప్రింట్, ఇన్‌సర్ట్, డిలీట్, క్యాన్సిల్. వీటిని గోడ మీద చార్టు కట్టండి, ఎదురుగా తెలుగులో అది చేసే పని రాయండి. "సేవ్ అంటే భద్రపరచు" అని రాస్తే సగం మందికి ఆ తెలుగు మాట కూడా కొత్తే. "చేసిన పని పోకుండా ఉంచుతుంది" అని రాయండి. మాట మాత్రం సేవ్ అనే పలికించండి. రేపు పనిచేసే చోట అందరూ అదే అంటారు.

మాటల కన్నా పెద్ద చిక్కు మధ్యలో వచ్చే డబ్బాలతో. మార్పులు సేవ్ చేయాలా అని అడిగే డబ్బా రాగానే చదవకుండా "నో" కొట్టేస్తారు, గంట పని పోతుంది. అలాంటి డబ్బాలను ప్రింట్ తీసి క్లాసులో పంచండి. ఇది ఏమడుగుతోంది, ఏది నొక్కితే ఏమవుతుంది అని ఒక్కొక్కరి చేత తెలుగులో చెప్పించండి. తప్పు జరిగినప్పుడు వచ్చే మెసేజ్‌ని ఫోన్‌తో ఫొటో తీసి, గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో తెలుగు చేసుకోవడం నేర్పితే, మీరు పక్కన లేకపోయినా పని ఆగదు.

తెలుగు టైపింగ్ ఏ పద్ధతిలో నేర్పాలి? అను ఫాంట్లా, యూనికోడా?

మొదట యూనికోడ్, అంటే ఏ సిస్టమ్‌లో, ఏ ఫోన్‌లో తెరిచినా తెలుగు తెలుగులాగే కనిపించే పద్ధతి. దాన్ని ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీల అమరికతో నేర్పండి. ఇది విండోస్‌లోనూ లినక్స్‌లోనూ ముందే ఉంటుంది, డబ్బు కట్టక్కర్లేదు. ఇన్‌స్క్రిప్ట్‌లో స్వరాలు, గుణింతపు గుర్తులు ఎడమ చేతికి, హల్లులు ఎక్కువగా కుడి చేతికి వస్తాయి. క అక్షరం కె మీద, ర జె మీద, త ఎల్ మీద, ప హెచ్ మీద ఉంటాయి. ఇకారం ఎఫ్ మీద, పొల్లు డి మీద. ఇప్పుడు హెచ్, ఎల్, డి, జె, ఎఫ్, కె వరసగా కొట్టిస్తే "పత్రిక" వస్తుంది. వేళ్లు మధ్య వరస దాటలేదు. ఒత్తు అంటే హల్లు, పొల్లు, మళ్లీ హల్లు అన్న సూత్రం ఆ ఒక్క మాటతో తెలిసిపోతుంది. "కర్ర", "తిప్పు", ఇలా ఆ వరసలోనే రెండు రోజులు నడపొచ్చు.

ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు కొట్టే పద్ధతి చదువుకున్నవాళ్లకి సులువు. ఇంగ్లిష్ స్పెల్లింగే తడబడేవాళ్లకి అది రెట్టింపు పని. అలాంటివాళ్లకి ఇన్‌స్క్రిప్ట్ త్వరగా పట్టుబడుతుంది.

అను ఫాంట్ల సంగతి వేరు. ఇవి యూనికోడ్ కాని తెలుగు ఫాంట్లు. శుభలేఖలు, ఫ్లెక్సీలు, కరపత్రాలు చేసే డీటీపీ షాపుల్లో నేటికీ అనుతోనే ఎక్కువ పని జరుగుతోంది. అక్కడ ఉద్యోగం చేయాలంటే అది రావాలి. కానీ అనులో చేసిన మ్యాటర్‌ను ఆ ఫాంట్ లేని సిస్టమ్‌లో తెరిస్తే అర్థంలేని గుర్తులు వస్తాయి. వెబ్‌సైట్‌లో పెట్టలేం, వెతకలేం, చూపు లేనివాళ్లకి తెర మీది మాటలు పైకి చదివి వినిపించే స్క్రీన్ రీడర్ దాన్ని చదవలేదు. కాబట్టి యూనికోడ్ అందరికీ, అను డీటీపీ వైపు వెళ్లేవాళ్లకి మాత్రమే. ఒకదాన్నుంచి ఇంకోదానికి మార్చే కన్వర్టర్లు వాడటం, మార్చాక ఒత్తులు చెదిరాయేమో సరిచూసుకోవడం కూడా ఆ కొందరికి నేర్పండి. షాపులవాళ్లకి బాగా అవసరమైన పని అది.

ఎక్సెల్ అంటేనే భయపడుతున్నారు. ఎలా మొదలుపెట్టాలి?

డ్వాక్రా పొదుపు పుస్తకంతో. సంఘంలోని పది మంది పేర్లు, నెలనెలా కట్టిన పొదుపు, అప్పు, తీర్చిన కిస్తీ. ఈ లెక్క ప్రతి ఇంట్లోనూ ఉంది, చాలామంది పిల్లలు అమ్మ కోసం ఆ పుస్తకం రాసినవాళ్లే. చేత్తో రాసిన పుస్తకం తెచ్చుకోమనండి, పేర్లు మార్చి ఎక్కించమనండి. మొత్తం తేల్చడానికి ఒక సూత్రం చాలని చూసిన రోజున భయం పోతుంది.

పొరపాట్లు కూడా ఆ లెక్కలోనే దొరుకుతాయి. గడిలో "రూ. 200" అని టైప్ చేస్తే ఎక్సెల్‌కి అది అంకె కాదు, కూడికలో లెక్కలోకి రాదు. 12 అంకెల ఆధార్ నంబర్ కొట్టగానే అది వింతగా, మధ్యలో ఇ అక్షరంతో మారిపోతుంది. సున్నాతో మొదలయ్యే ఖాతా నంబర్‌లో ఆ సున్నా మాయమవుతుంది. 15 అంకెలు దాటితే చివరి అంకెలు సున్నాలైపోతాయి, మళ్లీ తిరిగి రావు. నంబర్లు కొట్టే ముందే ఆ నిలువు వరసను టెక్స్ట్‌గా మార్చుకోవాలి. తేదీలూ అంతే. సిస్టమ్‌లో అమెరికా పద్ధతి ఉంటే 5/6 అంటే జూన్ 5 కాకుండా మే 6 అవుతుంది. ఉద్యోగంలో చేరిన మొదటి నెలలో మాట పడేది ఇలాంటివాటి వల్లే. కాబట్టి క్లాసులో కావాలనే ఈ తప్పులు చేయించి, వాళ్లచేతే దిద్దించండి. పెద్ద పెద్ద ఫార్ములాలు తర్వాత చూసుకోవచ్చు.

ఎన్ని గంటలు నేర్పితే చాలు?

2017లో మొదలై 2024 మార్చితో ముగిసిన ప్రధానమంత్రి గ్రామీణ డిజిటల్ సాక్షరతా అభియాన్‌లో గ్రామీణ కుటుంబానికి ఒకరి చొప్పున 20 గంటల శిక్షణ ఇచ్చారు. కంప్యూటర్‌నో ఫోన్‌నో పరిచయం చేయడానికి అది సరిపోతుంది. ఉద్యోగానికి సరిపోదు. కేంద్ర ప్రభుత్వ సంస్థ నీలిట్ ఇచ్చే కంప్యూటర్ కోర్సుల్లో సీసీసీ 80 గంటలు, అంతకన్నా ప్రాథమికమైన బీసీసీ 36 గంటలు. మా లెక్కలో, ఇంట్లో సిస్టమ్ లేనివాళ్లకి క్లాసుతో సమానంగా ఖాళీ సాధన గంటలు కూడా కావాలి. సాయంత్రం ల్యాబ్ తాళం వేయకుండా ఒక గంట తెరిచి ఉంచడం మీ చేతిలో ఉన్న పనే.

ఏ కోర్సులో చేర్పించమంటారు?

పది పాసై, ఏడాది కేటాయించగలిగితే ఐటీఐలో కోపా (కంప్యూటర్ ఆపరేటర్, ప్రోగ్రామింగ్ అసిస్టెంట్) ట్రేడ్. సర్టిఫికెట్‌కి దేశమంతా విలువ ఉంటుంది, అప్రెంటిస్‌షిప్‌కీ, అంటే కంపెనీలో పనిచేస్తూ నేర్చుకోవడానికీ దారి ఉంటుంది. మూడు నాలుగు నెలల్లో పని కావాలంటే దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన అనే కేంద్ర పథకం. 2014లో వచ్చింది, 15 నుంచి 35 ఏళ్లవారికి, మహిళలకీ దివ్యాంగులకీ 45 దాకా సడలింపు ఉంది. సొంతంగా డీటీపీ షాపో, నెట్ సెంటరో పెట్టుకోవాలనుకునేవాళ్లు జిల్లాలోని ఆర్‌సెటి (గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ కేంద్రం)లో అడగాలి. బ్యాంకులు నడిపే ఈ కేంద్రాలకు మూలం 1982లో కర్ణాటకలోని ఉజిరెలో మొదలైన రుడ్‌సెటి అనే శిక్షణ సంస్థ. ఇక్కడ శిక్షణతో పాటు బ్యాంకు రుణానికి అర్జీ పెట్టడం కూడా నేర్పుతారు. చేరే ముందు, ఆ కోర్సు ఈ ఏడాది మీ జిల్లాలో నడుస్తోందో లేదో వెళ్లి కనుక్కోండి.

పది సిస్టమ్‌లు, ముప్పై మంది. పైగా కరెంట్ పోతుంది. ఏం చేయాలి?

ముగ్గుర్ని ఒక సిస్టమ్ ముందు కూర్చోబెడితే అప్పటికే పని తెలిసినవాడే చేస్తాడు, మిగతా ఇద్దరూ చూస్తారు. బ్యాచ్‌ని విడగొట్టి ఇద్దరిద్దరు చేయండి. తెలిసినవాళ్లు నోటితో చెప్పాలి, తెలియనివాళ్ల చేతిలో మౌస్ ఉండాలి. పావుగంటకోసారి మార్చండి. మిగిలినవాళ్లకి ఆ సమయంలో కాగితం పని: అర్జీ చేత్తో రాయడం, పట్టిక గీయడం, ఫోన్‌లో మెయిల్ రాయడం. కరెంట్ పోయినప్పుడు కూడా ఇవే.

దొంగ విండోస్ వేయకండి. అప్‌డేట్లు సరిగా రావు, ఒక పెన్‌డ్రైవ్‌తో వచ్చిన వైరస్ ల్యాబ్ మొత్తానికి పాకుతుంది. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్ట్ ఆగిపోయింది. పాత సిస్టమ్‌లు చాలావాటిలో విండోస్ 11 ఎక్కదు. వాటిని పారేయకండి, విండోస్ బదులు తేలికపాటి లినక్స్, ఎంఎస్ ఆఫీస్ బదులు లిబ్రే ఆఫీస్ వేస్తే ఇంకా చాలాకాలం నడుస్తాయి. ఇవి రెండూ ఉచితమే. హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థ ఇలా ఎవరైనా వాడుకోగల, మార్చుకోగల స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీద ఎన్నో ఏళ్లుగా పనిచేస్తోంది. ఉద్యోగాల్లో ఎంఎస్ ఆఫీస్ అడుగుతారు కాబట్టి రెండు మూడు సిస్టమ్‌లలో మాత్రం అసలు లైసెన్స్‌తో అది ఉంచండి.

ఆడపిల్లలు మధ్యలో మానేస్తున్నారు. ఎందుకు?

ఆసక్తి లేక కాదు. ముందు బస్సు చూడండి. క్లాసు ఐదింటికి అయిపోయి, ఊరి బస్సు నాలుగున్నరకే వెళ్లిపోతే ఆ పిల్ల రాదు. శుభ్రమైన బాత్రూమ్ లేకపోయినా రాదు, ఆ కారణం మీతో చెప్పదు. చిన్నపిల్లలున్న తల్లులు వస్తుంటే పిల్లాణ్ని పక్కన కూర్చోబెట్టుకోనివ్వండి.

ఇంకో అడ్డంకి బయటికి కనపడదు. ఓటీపీ. మెయిల్ తెరవాలన్నా, అప్రెంటిస్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకోవాలన్నా ఓటీపీ కావాలి. ఆ నంబర్ అన్నదో భర్తదో. ఆయన పొలంలో ఉంటాడు, ఓటీపీ పది నిమిషాల్లో చెల్లకుండా పోతుంది. కోర్సు అయ్యాక ఉద్యోగం పిలుపు కూడా ఆ ఫోన్‌కే వెళుతుంది, ఆమెకి చేరొచ్చు, చేరకపోవచ్చు. అందుకని చేరిన వారంలోనే ఆమె పేరు మీద సిమ్, దాంతో మెయిల్ ఉండేలా చూడండి. ఇంటివాళ్లకి అనుమానం వస్తుందనిపిస్తే తల్లిదండ్రుల్నో అత్తమామల్నో ఒకరోజు ల్యాబ్‌కి పిలవండి. కోడలు టైప్ చేసిన కరెంటు ఆఫీసు అర్జీ చేతిలో పెడితే, చెప్పాల్సినవి చాలా వాటంతటవే తెలుస్తాయి.

దివ్యాంగులకి ప్రత్యేక పరికరాలు కొనాలా?

చాలావరకు అక్కర్లేదు. చూపు లేనివారికి ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఉచితం. 2006లో ఆస్ట్రేలియాలో చూపు లేని ఇద్దరు యువకులు మొదలుపెట్టారు. తెలుగు కూడా చదువుతుంది. మౌస్‌తో పని లేకుండా ట్యాబ్, బాణం కీలతో అన్నీ నడుస్తాయి. ఇన్‌స్ట్రక్టర్ ఒక పూట మానిటర్ ఆపేసి తాను అలా పనిచేసి చూస్తే, ఎలా చెప్పాలో అర్థమవుతుంది. "ఇక్కడ క్లిక్ చేయండి" అన్న మాట వాళ్లకి పనికిరాదు.

ఒంటి చేత్తో టైప్ చేసేవారికి షిఫ్ట్ ఐదుసార్లు కొడితే వచ్చే స్టికీ కీస్ చాలు, రెండు కీలు ఒకేసారి నొక్కాల్సిన చోట ఒకదాని తర్వాత ఒకటి నొక్కొచ్చు. వినపడనివారికి ముఖం కనపడేలా నిలబడి చెప్పండి, బోర్డు వైపు తిరిగి మాట్లాడొద్దు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది, ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్ ఇచ్చింది. యూడీఐడీ (దివ్యాంగుల గుర్తింపు) కార్డు లేనివాళ్లకి అర్జీ పెట్టించడాన్నే ఆన్‌లైన్ ఫారాలు నింపే పాఠంగా చేసుకోవచ్చు.

ఇంట్లో కూర్చుని డేటా ఎంట్రీ చేస్తే వేలు వస్తాయంటున్నారు. నిజమేనా?

ముందు డబ్బు కట్టమన్నవాళ్లు ఎవరైనా మోసగాళ్లే. పద్ధతి ఎప్పుడూ ఒకటే: రిజిస్ట్రేషన్ ఫీజు, తర్వాత పేజీలు పేజీలు టైపింగ్, చివర్లో "తప్పులున్నాయి, ఒప్పందం ప్రకారం జరిమానా కట్టాలి, లేకపోతే లాయర్ నోటీసు". పిల్లలు భయపడి అప్పు చేసి కడతారు. అలాంటి నోటీసు వస్తే కట్టొద్దు, ఇంట్లో చెప్పాలి. డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఈ పాఠం కోర్సు చివర్లో కాదు, మెయిల్ తెరిపించిన రోజే చెప్పండి.

కోర్సు అయ్యాక ఏం ఉద్యోగాలు? హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ కంపెనీలో వస్తుందా?

మూడు నెలల కోర్సుతో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం రాదు. ఆ ఆశ పెట్టి చేర్చుకోవడం అన్యాయం. వచ్చేవి ఆసుపత్రి రిసెప్షన్, బట్టల షాపు బిల్లింగ్, గోడౌన్‌లో స్కానింగ్, స్కూలు ఆఫీసు, మీసేవ ఆపరేటర్, ట్యాలీ అనే ఖాతాల సాఫ్ట్‌వేర్ తెలిస్తే అకౌంట్స్ సహాయకులు. 2017 జులై 1న జీఎస్టీ వచ్చాక చిన్న ఊళ్లలో ఎరువుల షాపులకి, హార్డ్‌వేర్ షాపులకి కూడా కంప్యూటర్ బిల్లులు తెలిసినవాళ్లు కావాల్సి వచ్చింది. మీ సెంటర్ చుట్టూ ఉన్న షాపులకి వెళ్లి, మీ దగ్గర ఏ సాఫ్ట్‌వేర్ ఉంది, కొత్తవాళ్లు ఎక్కడ తప్పు చేస్తున్నారు అని అడగండి. సిలబస్‌లో ఏముండాలో వాళ్లే చెప్తారు. మొదటి జీతం ఎంత ఉంటుందో కూడా తల్లిదండ్రులకి చేరేరోజే దాచకుండా చెప్పండి.

ఏఐ వచ్చేసింది కదా, ఇంకా టైపింగ్ ఎందుకు?

ఊరికే చూసి కొట్టే పని తగ్గుతోంది, అది ఒప్పుకోవాలి. తెలుగులో మాట్లాడితే టైప్ అయ్యే సౌకర్యం ఫోన్‌లోనే ఉంది. దాన్ని క్లాసులో వాడనివ్వండి. కానీ అది ఊరి పేరు, ఇంటి పేరు, సర్వే నంబర్ తప్పు రాస్తే పట్టుకునేది మనిషే. ఇక నుంచి సరిచూసే పనికి ఎక్కువ గంటలు ఇవ్వండి.

మేము అమెరికాలో ఉంటాం. పాత ల్యాప్‌టాప్‌లు పంపొచ్చా?

పంపే ముందు సెంటర్‌ని అడగండి. కస్టమ్స్ ఖర్చు, చార్జర్ ప్లగ్గు, పాడైన బ్యాటరీ కలిపి చూస్తే చాలాసార్లు ఇక్కడే రిఫర్బిష్డ్ (పాతదాన్ని బాగుచేసి అమ్మే) సిస్టమ్ కొనివ్వడం చవక. అంతకన్నా పనికొచ్చేది మీ సమయం. వారానికి ఒక గంట వీడియోలో ఉత్తుత్తి ఇంటర్వ్యూలు చేయండి. ఇద్దరు ముగ్గురితోనే, తెలుగులో మొదలుపెట్టి మెల్లగా ఇంగ్లిష్‌లోకి వెళ్లండి.

చివర పరీక్ష ఎలా పెట్టాలి?

ఆబ్జెక్టివ్ ప్రశ్నలతో సర్టిఫికెట్ పరీక్ష ఎలాగూ ఉంటుంది. మీరు పెట్టేది వేరేగా ఉండాలి. చేత్తో రాసిన, కొట్టివేతలున్న జాబితా ఒకటి ఇవ్వండి. దాన్ని ఎక్కించి, మొత్తం తేల్చి, ఒక్క పేజీలో సరిపోయేలా ప్రింట్ తీసి, పీడీఎఫ్ చేసి మెయిల్ పంపమనండి. గంటన్నర ఇవ్వండి. గూగుల్‌లో వెతుక్కోవచ్చు, నోట్సు చూసుకోవచ్చు, ఇన్‌స్ట్రక్టర్‌ని మాత్రం అడగకూడదు. ప్రింటర్‌లో ముందే కాగితాలు తీసేసి ఉంచండి. అది గమనించి, కాగితాలు పెట్టి ప్రింట్ తెచ్చినవాళ్లని షాపు యజమాని దగ్గరికి ధైర్యంగా పంపొచ్చు.